బయానాకు ముందే కొనుగోలుదారు

పల్లెలలో భూమి బేరసారాలు చేయువారి సంఖ్య ఇటీవలి దశాబ్దాలలో బాగా పెరిగినది. ఎరువుల దుకాణం నడుపుకొనేవారు, ధాన్యం కమీషను వర్తకులు, ట్రాక్టరు యజమానులు, చివరకు సేద్యం మీదనే ఆధారపడిన రైతులు సైతం పనులు లేని నెలలలో ఒకటి రెండు బేరాలు కుదిర్చి నాలుగు డబ్బులు కళ్ళజూడవచ్చునని ఆశిస్తున్నారు. ఈ ఆశలో తప్పు లేదు. అమ్మదలచినవానికి కొనేవాడెవరో తెలియదు. కొనదలచినవానికి అమ్మేవాడెవరో తెలియదు. ఇద్దరినీ కలిపేవాడు సమాజానికి అవసరమైన పనియే చేస్తున్నాడు.

తప్పు ఎక్కడ జరుగుచున్నదనగా, పని వరుసలో. క్రొత్తగా ఈ వ్యాపారంలో దిగినవాడు ముందు భూమిని చూస్తాడు, ధర నచ్చినది కదా యని బయానా ఇచ్చి అగ్రిమెంటు వ్రాయించుకొంటాడు, ఆ తరువాత కొనుగోలుదారుని కొరకు ఊరూరా తిరుగుతాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, కొనేవాడు లేకుండానే లాభం లెక్క వేసుకొంటాడు. ముందు కొనుగోలుదారు, తరువాతనే బయానా అన్నదే సరియైన వరుస అని మా నిశ్చితాభిప్రాయం.

అగ్రిమెంటు మీద అమ్మకం

తనకు కొనే ఉద్దేశం లేకుండానే యజమానితో అగ్రిమెంటు చేసికొని, గడువు లోపల అధిక ధరకు మరొకరి పేర రిజిస్టరు చేయించి, నడుమ మిగిలినది తాను తీసికొనే పద్ధతి మన ప్రాంతాలలో చిరకాలంగా ఉన్నదే. అమెరికాలో దీనికి హోల్‌సేలింగ్ అని పేరు. పేరు ఏదైనను ఇందులోని ప్రమాదం ఒక్కటే. గడువు లోపల రొక్కంతో సిద్ధంగా ఉన్న మనిషి దొరకకపోతే భారమంతా నడుమ ఉన్నవానిపై పడుతుంది.

ఒక లెక్క చూడండి. ఎకరా 20 లక్షల చొప్పున రెండెకరాలకు ధర 40 లక్షలు. బయానా 4 లక్షలు, గడువు మూడు నెలలు. ఆ 4 లక్షలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 8,000 రూపాయలు, మూడు నెలలకు 24,000 రూపాయలు వడ్డీ అవుతుంది. ఎకరాకు లక్ష మిగిలినదనుకొన్నా వచ్చునది 2 లక్షలు. వడ్డీ పోగా 1,76,000 రూపాయలు. బేరం చెడి బయానా పోయినచో నష్టం 4,24,000 రూపాయలు. అనగా ఒక్క బేరం చెడితే, ఆ నష్టం పూడ్చుటకు రెండు బేరాల లాభం కూడా చాలదు. ముగ్గురిలో ఒక కొనుగోలుదారు మాట తప్పినను ఈ వ్యాపారం నిలువదని దీనివలన తేలుచున్నది.

చట్టం కూడా ఈ మధ్య మనిషికి గొప్ప రక్షణ ఏమీ ఇవ్వదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం విక్రయ ఒప్పందం దానంతట అదే ఆస్తిపై ఎట్టి హక్కునూ కలిగించదు. చేతిలో ఉన్న అగ్రిమెంటు భూమి కాదు. భూమిని అడుగుటకు ఒక కాగితం మాత్రమే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించుకొన్నంత మాత్రాన యాజమాన్యం రాదని సర్వోన్నత న్యాయస్థానం 2011లో స్పష్టంగా చెప్పియున్నది.

రొక్కం అనగా నోట్ల కట్టలు కాదు

రొక్కంతో కొనువాడు అనగానే చాలమందికి సంచిలో నోట్లు తెచ్చువాడు తలపునకు వస్తాడు. ఈ భావన మారవలెను. అప్పు మంజూరు కొరకు గాని, మరొక ఆస్తి అమ్ముడగుట కొరకు గాని ఎదురు చూడనక్కర లేకుండా, తన ఖాతాలో సిద్ధంగా ఉన్న సొమ్ముతో కొనగలవాడే రొక్కపు కొనుగోలుదారు.

స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసికొనరాదన్న నియమం 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టంలో చేరినది. బయానాకు కూడా ఇది వర్తిస్తుంది. అతిక్రమించి తీసికొన్నవానిపై, తీసికొన్నంత మొత్తమునూ జరిమానాగా విధింపవచ్చును. ఇరువురికీ వ్యవసాయాదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడు ఆదాయం లేని సందర్భంలో మాత్రమే మినహాయింపు ఉన్నది. తీసికొనువాడు రైతే కనుక ఈ జరిమానా బరువు అతనిదే. నగదుతో సులువుగా ముగించెదమని చెప్పు డీలరు, తెలిసియో తెలియకయో రైతును ఈ చిక్కులోనికి నెట్టుచున్నాడు. 2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు, భూమి అమ్మిన సొమ్మును ఇంటి బీరువాలో ఉంచుకొన్నవారు పడిన అవస్థ పాఠకులు మరచియుండరు.

ఎక్కడ వెదకవలెను?

ఒకటి: సరిహద్దు రైతు. ఏ భూమికైనను మొదటి కొనుగోలుదారు ఆ గట్టు అవతలివాడే. అతనికి నేల తెలుసు, నీరు తెలుసు, దారి తెలుసు. కలుపుకొంటే తన కమతం పెరుగుతుంది కనుక బయటివానికంటె నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తాడు. క్రొత్త డీలర్లు పట్నం వైపు చూచుచు, గట్టు మీద నిలుచున్న మనిషిని చూడకుండుట మాకు తరచు కనిపించే పొరపాటు.

రెండు: రికార్డులు. చుట్టుపట్ల సర్వే నంబర్లకు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు తీసి చూచినచో, గత రెండు మూడు సంవత్సరాలలో ఎవరెవరు కొన్నారో తెలుస్తుంది. కొనుగోలు దస్తావేజు వెంబడే తనఖా నమోదు లేనివారు సాధారణంగా స్వంత సొమ్ముతో కొన్నవారై ఉంటారు. ఒకే పేరు రెండు మూడు మార్లు కనబడితే ఆ మనిషి ఇంకా కొనుచున్నాడని ఊహింపవచ్చును.

మూడు: ప్రాజెక్టులకు, రహదారులకు భూమి పోయి పరిహారం పొందినవారు. వీరిలో చాలమంది పోయిన నేలకు బదులు మరొకచోట నేల కొనవలెననే చూస్తారు. పట్టణ పరిధిలోని సేద్యపు భూమిని అమ్మినవారు రెండేండ్ల లోపల మరొక వ్యవసాయ భూమి కొన్నచో మూలధన లాభంపై పన్ను మినహాయింపు పొందుటకు చట్టంలో వీలున్నది. అట్టివారికి గడువు ఉంటుంది, సొమ్ము ఉంటుంది. అయితే పరిహారం సొమ్ము ఒక కుటుంబపు జీవనాధారం. దానిని చెడ్డ భూమిలో పెట్టించినవానికి ఆ ఊరిలో మరల మాట చెల్లదు.

నాలుగు: దస్తావేజు లేఖరులు, సర్వేయర్లు, బోరు బండ్ల యజమానులు, మార్కెట్ యార్డు కమీషను వర్తకులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు. ఎవరి చేతిలో సొమ్ము ఆడుచున్నదో వీరికి ముందుగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న బంధువు కొంటాడన్న ధైర్యంతో సాగుభూమికి బయానా ఇచ్చువారు కలరు. విదేశీ మారక నిర్వహణ నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు గాని, ఓ.సి.ఐ. కార్డు గలవారు గాని మన దేశంలో వ్యవసాయ భూమిని, తోటలను, ఫారం హౌసులను కొనరాదు. వారసత్వంగా పొందవచ్చును, ఇండ్లు, అనుమతి గల ఇండ్ల స్థలాలు బ్యాంకు ద్వారా సొమ్ము చెల్లించి కొనవచ్చును. కావున సాగుభూమికి విదేశపు బంధువు కొనుగోలుదారు కాజాలడు.

మాటను తూచుట

కొంటాననువాడు వేరు, కొనువాడు వేరు. సొమ్ము ఏ రూపంలో ఉన్నది? ఏ తేదీకి చేతికి వస్తుంది? ఇంటిలో మరెవరి అంగీకారమైనా కావలెనా? ఈ మూడు ప్రశ్నలకు తడబడక జవాబు చెప్పినవానినే లెక్కలోనికి తీసికొనవలెను. ఖాతాదారుని వివరాలు బ్యాంకు మూడవ వ్యక్తికి చెప్పదు. కాని ఖాతాదారుడే తన శాఖ నుండి నిల్వ ధ్రువపత్రం తెచ్చి చూపవచ్చును. నిజముగా కొనదలచినవాడు దీనికి కోపగించుకొనడు. భూమిని స్వయంగా చూడనివానిని, కుటుంబంతో మాట్లాడనివానిని నమ్మి గడువు పెట్టుకొనరాదు.

కొనుగోలుదారునికి చూపు భూమి కూడా నిర్దుష్టంగా ఉండవలెను. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 నుండి భూ భారతి వచ్చినది; ఆంధ్రప్రదేశ్‌లో మీ భూమి ద్వారా అడంగల్, 1-బి చూచుకొనవచ్చును. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూముల బదిలీపై 1977 చట్టం ఆంక్షలు విధించినది. తరువాతి సవరణల వర్తింపును తహశీల్దారు కార్యాలయంలో అడిగి తెలిసికొననిదే అడుగు వేయరాదు. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1/70 నిబంధన ప్రకారం చెల్లదు. అటువంటి భూమిని చూపి ఒక్కమారు పరువు పోగొట్టుకొన్న డీలరు వద్దకు ఆ కొనుగోలుదారు మరల రాడు.

రైతు పక్షాన ఒక మాట

ఇంతవరకు డీలరు నష్టమే చెప్పితిమి. రైతు నష్టం అంతకంటె తక్కువ కాదు. కుమార్తె వివాహానికో, వైద్యానికో, పాత బాకీ తీర్చుటకో అమ్మకానికి పెట్టిన నేల, కొనే శక్తి లేని మనిషి అగ్రిమెంటులో మూడు నెలలు చిక్కుకొన్నచో, నిజమైన కొనుగోలుదారు వచ్చినను రైతు అమ్మలేడు. పంట కాలం గడచిపోతుంది, వడ్డీ పెరుగుతుంది. గడువు దాటిన తరువాత చేతిలో మిగిలిన బయానా ఆ నష్టానికి సరిపోకపోవచ్చును.

కావున అమ్మదలచిన రైతు సోదరులు బయానా అందుకొనే ముందే, కొనువాడు తానేనా లేక మరొకరి కొరకా అని సూటిగా అడుగవలెను. గడువు తేదీ, మిగిలిన సొమ్ము చెల్లించు విధం కాగితంపై ఉండవలెను. సొమ్ము డీలరు చేతుల మీదుగా గాక కొనుగోలుదారు ఖాతా నుండి నేరుగా తన ఖాతాకు రావలెను. పాసు పుస్తకం, మూల దస్తావేజులు రిజిస్ట్రేషను దినం వరకు తనవద్దనే ఉంచుకొనవలెను. బ్యాంకులో భూమి తనఖా ఉన్నచో ఆ సంగతి దాచక, కొనుగోలుదారు చెల్లించు సొమ్ములో బాకీ భాగం నేరుగా రుణఖాతాకు జమ చేయించి విడుదల పత్రం పొందుట ఉత్తమం.

డీలరు కూడా తన లాభాన్ని దాచనక్కర లేదు. నూటికి ఒకటో రెండో కమీషనని ముందే చెప్పి వ్రాయించుకొన్నవానికి నిద్ర పట్టుతుంది. అధిక ధరకు అమ్ముకొనదలచినచో, తనకు గాని తాను సూచించినవారికి గాని రిజిస్టరు చేయవలెనన్న షరతు అగ్రిమెంటులో చేర్చి, దాని అర్థం రైతుకు వివరించవలెను. రైతుకు తెలియకుండా సంపాదించిన లాభం ఊరిలో ఒక్కనాడు కాకున్న ఒక్కనాడు బయటపడక మానదు.

ఒక ఆక్షేపణకు సమాధానం

ముందు కొనుగోలుదారుని వెదకుచు కూర్చున్నచో మంచి భూమి చేజారుతుంది గదా యని కొందరనవచ్చును. నిజమే, కొన్ని చేజారవచ్చును. చేజారిన బేరంలో పోయేది తిరిగిన శ్రమ మాత్రమే. చేతిలో చిక్కి అమ్ముడుపోని బేరంలో పోయేది నాలుగు లక్షలు. కొనుగోలుదారు తనను దాటి నేరుగా యజమానితో మాట్లాడుకొంటాడన్న భయం మరికొందరిది. యజమాని నుండి ముందే కమీషను పత్రం వ్రాయించుకొనుట, స్వల్ప మొత్తంతో పదిహేను రోజుల గడువు మాత్రమే తీసికొనుట దీనికి తగిన మందు.

ఒక పని మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయరాదు. పంట రుణాన్ని బయానాకు మళ్ళింపరాదు. కిసాన్ క్రెడిట్ కార్డుపై ఇచ్చే సొమ్ము విత్తనానికి, ఎరువుకు, కూలికి ఉద్దేశింపబడినది. సకాలంలో చెల్లించినవానికి వడ్డీ రాయితీ లభిస్తుంది. బేరం చిక్కుకొని స్వల్పకాలిక పంట రుణం రెండు పంట కాలాలు బాకీ పడినచో ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. రాయితీ పోతుంది, మరుసటి రుణానికి తలుపు మూసుకొంటుంది. ఒక్క బయానాతో రైతు పరపతి అంతా పోవుట మేము చూడదలచుకొనలేదు.

క్రొత్తగా దిగినవారు మొదటి సంవత్సరం బయానా జోలికి పోక, కమీషను మీద మాత్రమే పని చేయుట మంచిది. ఒక నోటు పుస్తకం కొని, తమ మండలంలో నిజముగా కొనగల ఇరువది మంది పేర్లు, వారికి కావలసిన విస్తీర్ణం, పెట్టగల సొమ్ము, మాట్లాడిన తేదీ అందులో వ్రాసికొనవలెను. ఆ పుస్తకంలో పేర్లు నిండిన నాడు బయానా ఇచ్చుటకు ధైర్యం కాదు, ఆధారం ఏర్పడుతుంది. ఈ వ్యాపారానికి ఆ పుస్తకమే అసలైన పెట్టుబడి.