గుడారం వెలుపలి ఆకాశం

దేవుడు అబ్రాముకు వాగ్దానం చేసి ఏళ్ళు గడిచాయి. సంతానం మాత్రం లేదు. తన ఇంటి దాసుడే చివరికి తనకు వారసుడవుతాడేమోనన్న దిగులుతో ఆయన దేవునికే మొరపెట్టుకున్నాడు. అప్పుడు దేవుడాయనకు పెద్ద ప్రసంగమేమీ చేయలేదు. ఆయనను బయటికి తీసుకొచ్చి, తలెత్తి ఆకాశం వైపు చూడమని, చేతనైతే ఆ నక్షత్రాలను లెక్కపెట్టమని చెప్పాడు (ఆది. 15:5). ఆ మరుసటి వచనంలోనే అబ్రాము నమ్మాడు, ఆ నమ్మికే ఆయనకు నీతిగా ఎంచబడింది. విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడని పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో వాదించింది ఈ వచనాన్ని ఆధారం చేసుకునే. అంటే మన ప్రొటెస్టెంట్ సంఘాలకు ప్రాణప్రదమైన సిద్ధాంతం వెనుక ఒక చీకటి రాత్రీ, ఒక నిర్మలమైన ఆకాశమూ ఉన్నాయన్నమాట!

ఈ మాటే మేము ఆ మధ్య యౌవనస్థుల కూడికలో చెప్పి, పాలపుంతను కళ్ళారా చూసినవారు చేతులెత్తమన్నాం. నలభై మందిలో ముగ్గురే ఎత్తారు. ముగ్గురూ పల్లెటూళ్ళ నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలే. ఇందులో ఆశ్చర్యం లేదు. ప్రపంచ జనాభాలో మూడోవంతుకు పైగా తాము నివసించే చోటి నుంచి పాలపుంతను చూడలేకపోతున్నారని 2016లో శాస్త్రవేత్తలు ప్రచురించిన అట్లాసు తేల్చింది. పక్కనే హైదరాబాదు సంగతి చూడండి. బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేది. నగరపు వెలుగుకు దూరంగా ఉండాలని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర్లో జపాల్-రంగాపూర్ దగ్గర మరో వేధశాల కట్టుకుంది. తరువాత నగరం ఆ వైపుకూ పాకింది. శాస్త్రజ్ఞులు కనీసం చోటు మార్చుకున్నారు. మన పిల్లలకు మాత్రం, లెక్కపెట్టమని దేవుడు చూపించిన ఆ నక్షత్రాలు బైబిల్లో చదువుకునే మాటలుగానే మిగిలిపోయాయి.

ఇందుకు భిన్నంగా నడుచుకున్న ఒక కొండ ఊరు ఉంది. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, మంచుకొండల నడుమ, టెకపో అనే సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరది. ఆ సరస్సు ఒడ్డునే 1935లో కట్టిన రాతి ప్రార్థనాలయం ఉంది. దాని పేరు చర్చ్ ఆఫ్ ది గుడ్ షెపర్డ్, అంటే మంచి కాపరి దేవాలయం. ఆ ప్రాంతంలో మొదట స్థిరపడి గొర్రెల మందలు మేపుకున్నవారి జ్ఞాపకార్థం కట్టినది కాబట్టి పేరు చక్కగా కుదిరింది. అక్కడ ఉంటున్న మన తెలుగువారు పంపిన ఫొటోల్లో మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు. పెద్ద పెద్ద చర్చిల్లో ఆల్టర్ వెనుక రంగుల అద్దాలలో పరిశుద్ధుల బొమ్మలు ఉంటాయి కదా, అక్కడ మాత్రం మామూలు అద్దం బిగించిన కిటికీ ఉంది. కూర్చున్నవారికి దానిలోంచి సరస్సూ కొండలూ కనిపిస్తాయి. ప్రసంగం కాస్త నీరసంగా సాగినా విశ్వాసులకు నష్టం లేదన్నమాట (ఇది కాపరులం మాలో మేము చెప్పుకోవలసిన మాట!).

ఆ ఊరి పక్కనున్న మౌంట్ జాన్ అనే కొండ మీద 1965లో కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వేధశాల ఏర్పాటుచేసింది. కొండ కింద ఊరి దీపాలు కొండమీద దుర్భిణికి అడ్డు. ఇలాంటిచోట సాధారణంగా దుర్భిణి ఓడిపోతుంది, దీపాలు గెలుస్తాయి. అక్కడ మాత్రం 1980ల తొలినాళ్ళలోనే స్థానిక పాలకులు వీధి దీపాలకూ, ఇళ్ళ బయటి దీపాలకూ నియమాలు పెట్టారు. ఊరంతా చీకట్లో మగ్గాలన్నది ఆ నియమాల ఉద్దేశం కాదు. దీపానికి మూత ఉండాలి, వెలుగు నేలమీదే పడాలి, ఆకాశం వైపు పోకూడదు, అంతే. దారి దారిలాగే కనబడుతుంది, చుక్కలు చుక్కల్లాగే కనబడతాయి. అలా మూడు దశాబ్దాలు కాపాడుకున్నాక, 2012లో ఆ ప్రాంతంలో 4,367 చదరపు కిలోమీటర్లను అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా గుర్తించారు. న్యూజిలాండ్‌లోకెల్లా ఎత్తయిన 3,724 మీటర్ల అవొరాకి శిఖరం కూడా ఆ పరిధిలోనే ఉంది.

ఇప్పుడక్కడికి వచ్చేవారు పగలు కొండలెక్కుతారు, సైకిళ్ళు తొక్కుతారు, చలికాలంలో మంచుమీద జారే ఆటలాడతారు, రాత్రయితే చుక్కలు చూస్తారు. వచ్చేవారు ఎక్కువైన కొద్దీ ఇబ్బందులూ వచ్చాయి. ఆ చిన్న ప్రార్థనాలయం లోపల ఫొటోలు తీయడం నిషేధించారు. మందిరానికి వచ్చి దేవుని ముందు కూర్చోవడం వేరు, మందిరాన్ని వెనకాల పెట్టుకుని ఫొటో దిగడం వేరు కదా! విహారానికీ విధ్వంసానికీ మధ్య ఉన్నది సన్నటి గీత. ఆ గీత ఎక్కడుందో ఆతిథ్యమిచ్చే ఊరికి ముందు తెలుస్తుంది, అతిథులకు ఆలస్యంగా తెలుస్తుంది.

మన సంఘాల్లో ఈ విషయం ఎత్తితే రెండు అభ్యంతరాలు వినబడతాయి. మొదటిది, విహారం లోకసంబంధమైనదని. మన పెద్దలు అలాగే పెంచారు, వారి భక్తిని మేము చులకన చేయం. కాని పరిచర్య చేసి అలసిపోయిన శిష్యులను ఏకాంతమైన చోటికి వచ్చి కొంతసేపు విశ్రాంతి తీసుకోమన్నది ప్రభువే (మార్కు 6:31). రాత్రంతా కొండమీద ప్రార్థనలో గడిపిందీ ఆయనే (లూకా 6:12). ఆ రాత్రి ఆయన తలపైన ఎలాంటి ఆకాశం ఉండి ఉంటుందో ఒకసారి ఊహించండి.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. చుక్కలు చూడటమంటే జ్యోతిష్యం కాదా అని మమ్మల్ని అడిగినవారున్నారు. ఆకాశ సమూహాలకు మొక్కవద్దని ద్వితీయోపదేశకాండము కచ్చితంగా హెచ్చరించింది (4:19). నక్షత్రాలు చూసి భవిష్యత్తు చెప్పేవారిని యెషయా ఎగతాళి చేశాడు (47:13). అయితే అదే యెషయా, కన్నులెత్తి పైకి చూసి వీటిని సృజించినవాడెవడో ఆలోచించమన్నాడు (40:26). యోబు గ్రంథంలో దేవుడే కృత్తికల పేరెత్తి మాట్లాడాడు (38:31). అక్కడున్న ‘కీమా’ అనే హీబ్రూ మాటను పండితులు ఎక్కువగా కృత్తికలుగానే గుర్తిస్తారు. మన పల్లెల్లో ‘పిల్లలకోడి’ అని పిలిచే ఆ చుక్కల గుంపునే న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలు మతారికి అంటారు. తెల్లవారుజామున అది మళ్ళీ కనబడే రోజుల్లో వారి కొత్త సంవత్సరం మొదలవుతుంది. 2022 నుంచి ఆ దేశం దాన్ని సెలవుదినంగా పాటిస్తోంది. వారి ఆచారాల విషయంలో మన నమ్మిక వేరు కావచ్చు. కాని దేవుడు యోబును అడిగిన ప్రశ్నలోని ఆ చుక్కలను వారి పిల్లలు గుర్తుపడతారు, సండేస్కూల్లో ఆ వచనం కంఠస్థం చేసిన మన పిల్లలు గుర్తుపట్టలేరు!

ఇంతకీ అసలు చిక్కు మన ప్రసంగాల్లోనే ఉందని మా అభిప్రాయం. వెలుగు అంటే మంచి, చీకటి అంటే చెడు అని యోహాను సువార్త నుంచి మనం బోధిస్తాం. అది పాపాన్ని గురించిన ఉపమానం, అందులో సత్యముంది. అయితే ఆదికాండంలో దేవుడు చీకటిని తుడిచివేయలేదు. వెలుగునుంచి దాన్ని వేరుచేసి, దానికి రాత్రి అని పేరు పెట్టాడు, తనదైన చోటిచ్చాడు. చీకటి కలుగజేసి అడవి జంతువులను తిరగనిచ్చేదీ ఆయనేనని 104వ కీర్తన సెలవిస్తోంది. పాపపు చీకటిని ద్వేషించమని చెబుతూ చెబుతూ, దేవుడు చేసిన రాత్రిని కూడా మనం శత్రువుల జాబితాలో చేర్చేశాం. అందుకే మన మందిరాల గోపురాల మీద తెల్లవార్లూ ఎల్ఈడీ దీపాలు వెలుగుతుంటాయి. ఆ వెలుగులో సగం ఆకాశానికే పోతుంది, కరెంటు బిల్లు మాత్రం కానుకల్లోంచే పోతుంది. డిసెంబరు వచ్చిందంటే చెప్పనక్కర్లేదు. బేత్లెహేము నక్షత్రానికి గుర్తుగా ఇంటింటికీ కట్టే కాగితపు నక్షత్రాలు మాకూ ఇష్టమే. కాని వాటి చుట్టూ ఫోకస్ లైట్లు పెట్టి, పైనున్న నిజమైన నక్షత్రాలను కనబడకుండా చేయడం ఏం గుర్తు?

రెండేళ్ళ క్రితం మన్యంలో ఒక పట్టణ సంఘంవారి యూత్ క్యాంపుకు మేము ప్రసంగీకులుగా వెళ్ళాం. మాకిచ్చిన అంశం 8వ కీర్తన. రెండు బస్సుల పిల్లలు, ఒక జనరేటరు, మనిషెత్తు సౌండ్ బాక్సులు, రంగులు మారే లైట్లు. చంద్రుణ్నీ నక్షత్రాలనూ చూసి దావీదు పొందిన విస్మయాన్ని, ఒక్క చుక్కా కనబడని వెలుతురులో నిలబడి మేము వివరించాలి! పది నిమిషాలు లైట్లు ఆర్పమని అడిగాం. క్యాంపు నడిపే సోదరుడు ఇబ్బందిగా నవ్వి, “అయ్యగారూ, ఆడపిల్లలు కూడా ఉన్నారు కదా, ఏదన్నా జరిగితే తల్లిదండ్రులకు మేం జవాబు చెప్పుకోవాలి” అన్నారు. అది తీసిపారేసే మాట కాదు. చీకటంటే పెద్దలకుండే భయంలో బాధ్యత కూడా ఉంది.

మరుసటి ఉదయం ఆ పక్క ఊరి సంఘపెద్ద ఒకాయన మా దగ్గరికొచ్చారు. కొండజాతి విశ్వాసి, మెల్లగా మాట్లాడే మనిషి. “అయ్యగారూ, మీ పిల్లలు దేవుని పాటలే పాడుతున్నారు, కాదనను. పదయ్యాక బాక్సులు ఆపమనండి. మా వాళ్ళు తెల్లారకముందే లేచి పనికి పోవాలి. పశువులు కూడా బెదురుతున్నాయి” అన్నారు. ఆ సంగతి క్యాంపు పెద్దలకు చెప్పాం. ఆ రాత్రి బాక్సులైతే ఆగాయి గాని లైట్లు ఆగలేదు.

అరకు, లంబసింగి, వంజంగి వైపు ఇప్పుడు శీతాకాలమంతా జనమే. వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడాలని అర్ధరాత్రి నుంచే వాహనాలు ఎక్కుతుంటాయి. వెళ్ళవద్దని మేమనం. ఆ ఊళ్ళవారికి నాలుగు డబ్బులు వస్తాయి, పట్నంవారికి మంచిగాలి దొరుకుతుంది. అయితే అక్కడి రాత్రి ఎవరిది? మనం రెండు రోజులుండి వచ్చేస్తాం. మన వెలుగూ, మన చప్పుడూ, మన ప్లాస్టిక్ సీసాలూ భరించేది అక్కడ పుట్టి పెరిగినవారు. పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞలో పొరుగువాడి నిద్ర కూడా ఉందని మేము నమ్ముతున్నాం. లోకస్థుల పార్టీలకూ సంఘం క్యాంపుకూ మధ్య ఉన్న తేడా పాటల్లోని మాటలేనా? ఆ కొండ ఊరివారికి చీకట్లో పడుకున్నప్పుడు వినబడేది రెండిట్లోనూ ఒకటే కదా.

న్యూజిలాండ్ ధనిక దేశం, అక్కడివి ఇక్కడ కుదరవు అంటారేమో. మన దేశంలోనే లద్దాఖ్‌లో, 4,500 మీటర్ల ఎత్తున ఉన్న భారత ఖగోళ వేధశాల చుట్టూ, హాన్లే అనే చోట 1,073 చదరపు కిలోమీటర్లను 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. అక్కడివారు ధనికులు కారు. పశువులు కాచుకునేవారు, చిన్నచిన్న ఇళ్ళల్లో ఉండేవారు. కిటికీలకు మందపాటి తెరలు కట్టుకోవడం, బయటి దీపాలకు మూతలు పెట్టడం వారు నేర్చుకున్నారు. ఆ గ్రామాల యువతీయువకులకే దుర్భిణులిచ్చి శిక్షణ ఇచ్చారు. వచ్చిన అతిథులకు చుక్కలు చూపించి, ఇంట్లోనే బస ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. వారిలో ఎక్కువమంది బౌద్ధులు. ఆకాశాలు దేవుని మహిమను వివరిస్తున్నాయని 19వ కీర్తన పాడుకునే మనకంటే, ఆ ఆకాశాన్ని వారే ఎక్కువ జాగ్రత్తగా చూసుకుంటున్నారు. ఈ మాట కాస్త గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి.

వేసవి వస్తే వీబీఎస్‌లు, యూత్ క్యాంపులు మొదలవుతాయి. కొండల మీద క్యాంపు పెట్టే సంఘాలు తేదీలు ఖాయం చేసుకునేముందు క్యాలెండరులో అమావాస్య ఎప్పుడో చూడాలని మా మనవి. అమావాస్య అనగానే, అలాంటివి నమ్మమని చెప్పే మన విశ్వాసులు కూడా కాస్త జంకుతారని మాకు తెలుసు. పెళ్ళికో గృహప్రవేశానికో తేదీ అడిగితే ఏదో సాకు చెప్పి పక్కరోజుకు జరుపుతారు! కాని చంద్రుడు లేని రాత్రే చుక్కలు బాగా కనబడతాయి. ముందుగా ఆ ఊరి పెద్దలతో మాట్లాడి, వారి పశువులకూ పిల్లలకూ ఇబ్బంది లేని చోటు వారినే చూపించమనాలి. తొమ్మిదింటికి జనరేటరు ఆపేయాలి. భద్రత మాట నిజమే కాబట్టి, పగలే నేల శుభ్రంచేసి పట్టాలు పరిచి, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి, ప్రతి గుంపు అంచునా పెద్దవారిని ఉంచాలి. టార్చిలైట్లకు ఎర్ర కాగితం కట్టుకుంటే చాలు, కళ్ళు చెదరవు. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. ఎవరో ఒకరు సెల్‌ఫోను తెరిచారంటే మళ్ళీ మొదటికొస్తుంది, కనుక ఫోనులన్నీ ఒక సంచిలో వేయించడం మంచిది. ఆ అరగంటా ప్రసంగం వద్దు. ఆదికాండం పదిహేనో అధ్యాయం ముందే చదివించి ఉంటే సరిపోతుంది.

మే నెల మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో, దక్షిణం వైపు కొండ అడ్డులేని చోట నిలబడితే, నేల అంచుకు కాస్త పైన నాలుగు చుక్కలు సిలువ ఆకారంలో కనబడతాయి. మన పెద్దలు త్రిశంకు అన్నారు, పాశ్చాత్యులు దక్షిణ సిలువ అన్నారు. టెకపోలో మంచి కాపరి దేవాలయం మీద అది ఏడాది పొడుగునా అస్తమించదు. మనకైతే సాయంకాలాల్లో అది కనబడేది వేసవిలో కొన్ని వారాలే, అదీ దక్షిణ దిక్కున వెలుతురు లేకపోతేనే. మేలో కొండల మీద సాయంత్రానికి మబ్బు పట్టడం మామూలే కనుక, క్యాంపు మూడు రాత్రులుండేలా చూసుకుంటే మంచిది.