గోదావరి నీళ్ల బిందె

పోయిన సంక్రాంతి పేరంటంలో మన సంఘం తరఫున భర్త పోయిన పిన్నిగార్లకూ, అక్కయ్యలకూ అందరితోపాటే పసుపు కుంకుమలు, తాంబూలం ఇచ్చాం. ఆ రోజు బాగానే గడిచింది. గొడవ తర్వాత మొదలైంది. శ్రావణమాసం పేరంటానికి సగం మంది రాలేదు. వంటకు సాయం వస్తామన్నవాళ్లు "ఇంట్లో ఒప్పుకోవడం లేదు వదినా" అన్నారు. "పరాయి రాష్ట్రంలో ఉన్నాం, మన ఆచారాలైనా నిలుపుకోవద్దా?" అని ఒక పెద్దావిడ నిలదీశారు. ఈసారికి పాత పద్ధతే మేలేమోనని, నిజం చెప్పొద్దూ, నాకూ అనిపించింది.

అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు గుర్తొచ్చారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి భార్య. వితంతువుల పెళ్లికి చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో పంతులుగారు మొదటి పెళ్లి చేయించింది మాత్రం 1881 డిసెంబర్ 11న. చట్టానికీ పెళ్లిపందిరికీ మధ్య 25 ఏళ్లు! కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చి ఆదుకున్నారు. కానీ వెలి భయంతో వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. పెళ్లికి వచ్చినవాళ్లలోనూ కొందరు తర్వాత ప్రాయశ్చిత్తం చేసుకుని తప్పుకున్నారు.

చూశారా, కాదన్నవాళ్లు వాదనకు దిగి ఊరుకోలేదు. పొయ్యి ఆర్పాలని చూశారు. నీళ్లు లేని ఇంట్లో పెళ్లెలా జరుగుతుంది? రాజ్యలక్ష్మమ్మగారు బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చారు. తానే వండి వడ్డించారు. నాలుగు రోజులకే రెండో పెళ్లి కూడా జరిగింది. ఉపన్యాసాలూ పత్రికలూ పంతులుగారివి. ఆ పని ఆగకుండా నిలబెట్టింది ఈ బిందె కూడా.

ఆచారం అడిగిన పెద్దమ్మగారికి నేను చెప్పేది ఒక్కటే: ఇదీ మనవాళ్ల ఆచారమేనండి, నూట నలభై ఏళ్లు దాటింది.

వచ్చే సంక్రాంతికి పిలుపులు అందరికీ వెళ్తాయి. వంటకు ఎవరూ రాకపోతే పులిహోర నేను కలుపుతాను. "నా వల్ల మీకు మాటలెందుకమ్మా, నేను రానులే" అన్న పిన్నిగారిని నేనే ఇంటికి వెళ్లి తీసుకొస్తాను. రానివారి మీద కోపం లేదు. వారి తాంబూలాలూ తీసి ఉంచుతాం. చాపలు పరిచేదెవరు? పళ్లు తెచ్చేదెవరు? ఎవరికి ఏది వీలైతే అది ముందుగా ఒక మాట చెప్పండి.