కొండ మీద చచ్చినవాళ్ళు ఎవరికి లెక్క?

సాంతియాగో రోంకల్యోలో రాసిన ‘ఎర్ర ఏప్రిల్’ నవలలో ఫెలిక్స్ చకల్తానా అని ఒక చిన్న ప్రాసిక్యూటరు ఉంటాడు. పెరూ దేశం, ఆండీస్ కొండల్లో అయకూచో పట్నం, 2000 సంవత్సరం, ఈస్టర్ ముందరి రోజులు. కాలి బొగ్గయిన శవం ఒకటి దొరుకుతుంది. చకల్తానా కామాలతో సహా సరిచూసుకుంటూ రిపోర్టు రాస్తాడు. పైవాళ్ళకు ఆ రిపోర్టు అక్కర్లేదు. యుద్ధం ఎప్పుడో ముగిసింది, నెత్తి మీద ఎన్నికలున్నాయి, కనుక అక్కడ ఏమీ జరగలేదు. అతను ఇంటికొచ్చి, ఎన్నడో పోయిన తల్లి గదిలో ఆమె బట్టలు తీసి పరిచి, ఆమెతో కబుర్లు చెబుతాడు.

లోకం దీన్ని గగుర్పాటుతో చదివింది, మెచ్చుకుంది, 2006లో అల్ఫాగ్వారా బహుమతి ఇచ్చింది. ఇవ్వనీ, మంచి నవలే. నా కోపం నవల మీద కాదు. ‘అబ్బ, ఏం దెయ్యాల కథ!’ అనుకుని పుస్తకం మూసి, దీపమార్పి, హాయిగా నిద్రపోయే మన మీద. అయకూచోలో పోయినవాళ్ళ బట్టలు పరచడం రచయిత ఊహ అనుకుంటున్నారా? అది అక్కడ అధికారికంగా జరిగే పని. గోతులు తవ్వి తీసిన స్వెట్టర్లూ లంగాలూ చెప్పులూ శుభ్రం చేసి, వరసగా పరిచి, ఊరివాళ్ళను పిలుస్తారు. ముసలి తల్లులు వంగి వంగి చూస్తారు, తాము అల్లిన ఊలు కోసం, తాము వేసిన మాసిక కోసం. దొరికితే ఏడుస్తారు. దొరక్కపోతే ఇంకో గొయ్యి తవ్వేదాకా ఎదురుచూస్తారు. ఇందులో దెయ్యం ఎక్కడుంది? ఉన్నది తెమలని కేసు.

1980 మే 17న, ఎన్నికల ముందు రోజు, చుస్చి అనే కొండ ఊళ్ళో ఓటు పెట్టెలు తగలబెట్టడంతో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు దళం యుద్ధం మొదలుపెట్టింది. దాని నాయకుడు అబిమాయెల్ గుస్మాన్ అదే అయకూచోలో తత్త్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. ఆ తర్వాత సైన్యం దిగింది. రాత్రి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టావని పగలు ఒకరు చంపారు, పగలు వచ్చినవాళ్ళకు దారి చూపించావని రాత్రి ఇంకొకరు చంపారు. రెండు తుపాకుల మధ్య కొండజాతి నలగడం ఎలా ఉంటుందో మన్యం ఎరిగిన తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. 1983 ఏప్రిల్‌లో లుకనామార్కాలో పిల్లాజెల్లా సహా 69 మందిని షైనింగ్ పాత్ గొడ్డళ్ళతో నరికింది. 1984 డిసెంబరులో పూతిస్‌లో సైనికులు ఊరివాళ్ళను పోగుచేసి, చేపల చెరువు తవ్వుకోండి, బాగుపడతారు అన్నారు. నమ్మి తవ్వారు. ఆ గోతిలోనే కాల్చి పూడ్చారు. నూటికి పైగా మనుషులు. ఆ గొయ్యిని మళ్ళీ తవ్వడానికి 2008 దాకా ఎవరికీ తీరిక దొరకలేదు.

అసలు నిప్పు ఇక్కడ ఉంది. యుద్ధం సద్దుమణిగాక సలోమోన్ లెర్నెర్ అధ్యక్షతన నిజనిర్ధారణ కమిషన్ వేశారు. 2003 ఆగస్టు 28న అది నివేదిక ఇచ్చింది. ఇరవై ఏళ్ళలో పోయినవాళ్ళు సుమారు 69,280 మంది అని అంచనా కట్టింది. కమిషన్ దృష్టికి వచ్చిన మరణాల్లో సగానికి పైగా షైనింగ్ పాత్ చేతుల్లో, మూడో వంతుకు మించి ప్రభుత్వ బలగాల చేతుల్లో. అంతవరకూ దేశంలో చెలామణీ అయిన అంచనాలకు ఇది రెట్టింపు! ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. ఒక దేశం ముప్పై వేల పైచిలుకు మనుషుల్ని పోగొట్టుకుని, పోగొట్టుకున్న సంగతే గమనించలేదు. కోడిపిల్ల తప్పిపోతే వాడంతా వెతుకుతాం. ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు తప్పిపోతే రాజధాని కాఫీ తాగుతూ కూర్చుంది.

ఎందుకు కూర్చుందో కూడా కమిషనే చెప్పింది. చచ్చినవాళ్ళలో నూటికి 75 మంది మాతృభాష కెచువా, లేదా మరో ఆదివాసీ భాష. 1993 జనాభా లెక్కల్లో ఆ భాషలవాళ్ళు నూటికి 16 మందే. ఇంతకంటే వివరణ కావాలా? వాళ్ళు ఏడ్చింది కెచువాలో. రాజధాని లిమాకు స్పానిష్‌లో ఏడిస్తేనే వినబడుతుంది.

1992 జులైలో స్పానిష్‌లోనే వినబడింది. లిమాలో డబ్బున్నవాళ్ళుండే మిరఫ్లోరెస్‌లో, తరాతా వీధిలో కారు బాంబు పేలి 25 మంది పోయారు. దేశంలో యుద్ధం జరుగుతోందని ఆ రోజు తెలిసింది. అప్పటికి కొండల్లో పన్నెండేళ్ళుగా శవాలు లేస్తున్నాయి. ఆ 25 మంది ప్రాణాలు తక్కువని నేననను. మిగతా ప్రాణాలకు ఆ కన్నీటిలో పాలు ఎందుకు లేదని అడుగుతున్నాను.

ఉచురక్కై కథ ఇంకా ఘోరం. 1983 జనవరిలో ఆ కొండ ఊళ్ళో ఎనిమిదిమంది పత్రికా విలేఖరులను గ్రామస్థులు షైనింగ్ పాత్ వాళ్ళనుకుని చంపారు. దేశం అట్టుడికిపోయింది. విచారణకు నవలాకారుడు మారియో వర్గాస్ యోసా నాయకత్వంలో కమిషన్ వేశారు. ఆ తర్వాతి నెలల్లో అదే ఊళ్ళో 135 మంది గ్రామస్థులు వరసగా హతమయ్యారు, ఎక్కువమంది షైనింగ్ పాత్ చేతుల్లో. మిగిలినవాళ్ళు ఊరొదిలి పారిపోయారు. ఆ 135 మందికి కమిషనూ లేదు, పతాక శీర్షికా లేదు. పదేళ్ళకు వర్గాస్ యోసా ‘ఆండీస్‌లో లితుమా’ అనే నవల రాశారు. అందులో కొండ మనుషులు నరబలులిస్తారు, కొండ దేవతలకు భయపడతారు, నగరంనుంచి వెళ్ళిన పోలీసుకు ఏమీ బోధపడదు. మహా రచయితే, కాదనను. కానీ హత్యను కొండ చీకటికి అంటగట్టేస్తే నగరం చేతులు ఎంత సులువుగా శుభ్రమవుతాయో చూశారా? రోంకల్యోలో నయం. ఆయన దెయ్యాలు ఆఫీసు ఫైళ్ళలోంచి లేస్తాయి.

ఆన్హేలికా మెండోసా అనే తల్లి ఉండేది. అందరూ మామా ఆన్హేలికా అనేవాళ్ళు. 1983 జులైలో అర్ధరాత్రి సైనికులు ఆమె కొడుకు ఆర్కిమెదెస్‌ను ఇంట్లోంచి లాక్కుపోయారు. లాస్ కబీతోస్ బ్యారక్స్ గేటు దగ్గర నిలబడింది, లోయల్లో విసిరేసిన శవాలను తిరగేసింది. తనలాంటి తల్లులను కూడగట్టి సంఘం పెట్టింది, అనాథ పిల్లలకు అన్నం వండింది. ఆ బ్యారక్స్ పక్కన లా ఓయాదా అనే చోట తవ్వితే నూటికి పైగా మనుషుల అవశేషాలూ, శవాలు కాల్చిన కొలిమి ఆనవాళ్ళూ దొరికాయి. ఆమె కొడుకు దొరకలేదు. 2017 ఆగస్టు 18న కోర్టు ఇద్దరు సైనికాధికారులకు శిక్ష వేసింది. పది రోజులకు ఆమె కన్నుమూసింది. 34 ఏళ్ళు నడిపించి, పది రోజుల న్యాయం ఇచ్చారు.

ఇదంతా పాత కథ అనేవాళ్ళకు ఇంకొంచెం కొత్తది చెబుతాను. 2022 డిసెంబరు 15న అయకూచో విమానాశ్రయం దగ్గర నిరసన చేస్తున్న జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. పదిమంది చనిపోయారు. ఆ విమానాశ్రయం లా ఓయాదాకు పక్కనే. మరుసటి ఏడాది మిరఫ్లోరెస్ మున్సిపాలిటీ, భద్రతా పత్రం సరిగా లేదనే సాకుతో, లిమాలోని ఆ యుద్ధ జ్ఞాపక మందిరానికి తాళం వేసింది. 2024లో, 2002కి ముందు జరిగిన యుద్ధ నేరాలకు కాలదోషం పట్టిందని పార్లమెంటు చట్టం చేసింది. అదీ చాలక 2025 ఆగస్టులో అప్పటి అధ్యక్షురాలు దీనా బొలుఆర్తే సైనికులకూ పోలీసులకూ గ్రామ రక్షక దళాలకూ క్షమాభిక్ష చట్టం మీద సంతకం పెట్టారు.

గల్లంతైనవాళ్ళ జాబితాలో ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి. వాళ్ళ తల్లులు బతికుంటే ఎనభైల్లో, తొంభైల్లో ఉంటారు. కాలదోషం పట్టించడానికి చట్టం ఎందుకు, ఇంకో పదేళ్ళు ఆగితే అడిగేవాళ్ళే ఉండరు కదా! అంతవరకైనా ఆగలేకపోయారు.