బ్యాంకాక్ రోట్లో ఈసాన్ పల్లె

థాయిలాండ్ ఈశాన్య పీఠభూమి అయిన ఈసాన్ నుంచి, వరికోతలు ముగిశాక పని వెతుక్కుంటూ బ్యాంకాక్ చేరిన కుటుంబాలు ఆ మహానగరానికి శ్రమనే కాదు, తిండి రుచినీ అలవాటు చేశాయి. పచ్చిబొప్పాయి కోరును మిరపకాయలు, వెల్లుల్లి, నిమ్మరసంతో కలిపి రోట్లో దంచే ‘సోమ్ తమ్’, వెదురుబుట్టలో ఆవిరిపై ఉడికించి వేళ్లతో ముద్దచేసుకునే జిగురన్నం నేడు ఆఫీసు వీధుల మధ్యాహ్న భోజనం. సంక్రాంతి అనే సంస్కృత పదం నుంచే వచ్చిన ‘సోంగ్‌క్రాన్’ కొత్త సంవత్సర పండుగకు, ఏటా ఏప్రిల్ 13 నాటికి, వీరంతా ఊరిబాట పడితే నగరం బోసిపోతుంది.

1997లో థాయి కరెన్సీ బాట్ కుప్పకూలి నిర్మాణాలు ఆగిపోయినప్పుడు, ఉపాధి కోల్పోయిన ఎందరినో ఆదుకున్నది ఆ పల్లెలే. అయినా ‘థబియన్ బాన్’, అంటే ఇంటి నమోదు పత్రం, సొంతూరిలోనే ఉన్న వలస కార్మికులకు, తాము నిలబెట్టిన బ్యాంకాక్ గవర్నర్ ఎన్నికలో నేటికీ ఓటు లేకపోవడం అన్యాయం.