పాటకు ముఖచిత్రము

నేటి విద్యార్థులలో ఛాయాచిత్రమును మార్చుట యెరుగనివారు అరుదు. చేతిలోనున్న ఫోనుతో బొమ్మ తీయుదురు, దానిని కత్తిరింతురు, రంగు పెంచుదురు, వెనుకనున్న గోడను తొలగించి మంచుకొండను నిలుపుదురు. ఇదంతయు రెండు నిమిషముల పని. అయినను, “ఈ కొండనే యేల నిలిపితివి?” అని యడిగినచో తగిన జవాబు చెప్పగలవారు కొలదిమంది మాత్రమే. “బాగున్నది గనుక” అని తక్కినవా రందురు. ఎందుచేత బాగున్నదో చెప్పలేని నేర్పు నేర్పు గాదు; అది వ్రేళ్ల అలవాటు మాత్రమే.

కంప్యూటరుపై చిత్రములను దిద్దు విద్యను నేర్వగోరు బాలబాలికలకు నా అభిప్రాయమున ఒక మంచి మార్గము కలదు. పరికరముల పేర్లను వరుసగా వల్లించుట మాని, ఒక పాటను తీసికొని, దాని కొక ముఖచిత్రమును రచింపవలెను. పాటల సంపుటికి, అనగా ఆల్బమునకు, పైనుండెడి అట్టబొమ్మయే ముఖచిత్రము. అది చిన్న చతురస్రము. కాని అందు బొమ్మ, అక్షరము, రంగు, ఖాళీస్థలము అను నాలుగును కలిసి ఒక్క పాటకే సేవ చేయవలెను. ఇట్టి హద్దును, ఇట్టి బాధ్యతను పెట్టుకొని నేర్చిన విద్య నిలుచును.

ఆల్బము అను పేరు వచ్చిన విధము తెలిసికొనదగినది. పూర్వము నిమిషమునకు 78 మార్లు తిరుగు గ్రామఫోను పలకలుండెడివి. ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. పెద్ద సంగీతరచనకు అనేక పలకలు కావలసివచ్చెను. వానిని ఛాయాచిత్రముల ఆల్బమువలె కుట్టిన పుస్తకములందు దాచి అమ్మెడివారు. ఆ పుస్తకముల అట్టలపై చాలవరకు పేరు తప్ప మరేమియు ఉండెడిది కాదు.

1939లో అలెక్స్ స్టైన్‌వైస్ అను యువకుడు అమెరికాలోని కొలంబియా రికార్డుల సంస్థలో చిత్రకారుడుగా చేరెను. రాడ్జర్స్, హార్ట్ అను ఇరువురు రచించిన నాటకగీతముల సంపుటికి అతడు అట్ట సిద్ధపరుపవలసి వచ్చెను. అతడు న్యూయార్కులోని ఒక నాటకశాలవారిని ఒప్పించి, దాని ముంగిట వెలుగు దీపాక్షరములను మార్పించి, ఆ సంపుటి పేరును అందు పెట్టించి, ఛాయాచిత్రము తీయించెను. 1940లో ఆ సంపుటి వెలువడెను. ఆనాడు కంప్యూటరు లేదు; ఫోటోషాప్ లేదు. ఉన్నది ఒక్క ఆలోచన: ఇవి నాటకశాలలో పుట్టిన పాటలు గనుక నాటకశాల దీపములే వీనికి ముఖము కావలెను. “ఏల?” అను ప్రశ్నకు అతనియొద్ద జవాబుండెను. అందుచేతనే ఆ అట్ట నేటికిని స్మరింపబడుచున్నది.

మన తెలుగునాట ఇట్టి ఆలోచనకు గొప్ప ఉదాహరణము బాపు. 1933లో నరసాపురమున జన్మించిన ఆయన న్యాయశాస్త్రమును చదివి, చిత్రరచనను జీవితమార్గముగా ఎన్నుకొనెను. లెక్కకు మిక్కిలియైన తెలుగు పుస్తకములకు ఆయన ముఖచిత్రములు గీసెను. బొమ్మ వేసి, మిగిలిన చోట పేరు వ్రాయుట ఆయన పద్ధతి కాదు. అక్షరమే బొమ్మలో నొక భాగము. ఆ చేతివ్రాత ఎంత పేరుగాంచెనన, తరువాత అది కంప్యూటరు అక్షరరూపముగా కూడ మారెను. 2014లో ఆయన కీర్తిశేషుడయ్యెను. ఆయన వ్రాత నేటికిని పెండ్లిపత్రికలపైని, పుస్తకముల అట్టలపైని కనబడుచునే యున్నది.

రొంపిచెర్ల విద్యార్థికి ఇంతకంటె దగ్గరలోనే ఒక పాఠము కలదు. మహాశివరాత్రికి నరసరావుపేట సమీపముననున్న కోటప్పకొండకు చుట్టుపట్ల గ్రామములనుండి ప్రభలు తరలివచ్చును. కర్రలతో, వెదుళ్లతో కట్టిన ఎత్తైన చట్రముపై వస్త్రములను, రంగు కాగితములను, దేవతామూర్తుల పటములను, విద్యుద్దీపములను అమర్చుదురు. దూరమునుండి చూచినవానికి ముందుగా ఆకారము కనబడును. కొంత దగ్గరకు రాగా మధ్యనున్న మూర్తి కనబడును. మరింత దగ్గరకు వచ్చినపుడు గాని చిన్న చిన్న అలంకారములు కంటికి ఆనవు. ఏది ముందు కనబడవలెను, ఏది తరువాత కనబడవలెను అను క్రమమే రూపకల్పన విద్యకు మొదటి మెట్టు. ప్రభ కట్టువారు ఆ క్రమమును ఏ పాఠశాలలోను చదువలేదు. ఏటేట కట్టి నేర్చుకొనిరి.

ఇక కంప్యూటరు చిత్రమును గూర్చి కొంత తెలిసికొందము. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అను శాస్త్రజ్ఞుడు తన పసిబిడ్డ ఛాయాచిత్రమును యంత్రముచే చదివించి, కంప్యూటరులోనికి ఎక్కించెను. ఆ చిత్రము నిలువునకు 176, అడ్డమునకు 176 చుక్కలు గల చతురస్రము. ఆ చుక్కనే పిక్సెల్ అందురు. నేటి చిత్రములో ప్రతి పిక్సెల్‌నందును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులకు సాధారణముగా 256 మెట్లు చొప్పున ఉండును. ఆ మూడింటి కలయికచే 1,67,77,216 రంగులు ఏర్పడును. చిత్రమును దిద్దుటయనగా ఈ చుక్కల విలువలను మార్చుటయే. థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు 1987లో ప్రారంభించిన పని 1990లో ఫోటోషాప్ అను పేర వెలువడెను. 1994లో దానికి పొరల సౌకర్యము చేరెను. గాజుపలకలపై వేర్వేరుగా గీసి ఒకదానిపై నొకటి పేర్చినట్లు, బొమ్మ ఒక పొరపై, అక్షరములు వేరొక పొరపై ఉండును. ఒకదానిని మార్చినను రెండవది చెడదు.

ఈ సంగతులను కంఠస్థము చేసినందువలన విద్య రాదు. అది వచ్చు విధమును ఒక ఉదాహరణముతో చూపెదను. రొంపిచెర్లలో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక, తన నాయనమ్మ మిరపకోతలనాడు పాడుకొను పాటను ఫోనులో పట్టెననుకొందము. ఆ పాటకు ముఖచిత్రము చేయబూనినది. మొదట ఆమె కళ్లములో ఎండబోసిన మిరపరాశిని ఫోటో తీసెను. బొమ్మ ఎర్రగా, నిండుగా వచ్చినది. కాని పాటను మరల రెండుమార్లు వినగా ఆమెకొక సందేహము కలిగెను. పాటలో మిరపకాయ పేరే లేదు. పొద్దు ఎప్పుడు వాలునా యని అలసిన మనిషి ఎదురుచూచుటయే దాని భావము. ఆమె సాయంకాలము మరల కళ్లమునకు పోయి, నల్లరేగడి నేలపై పొడవుగా పడిన నాయనమ్మ నీడను, దాని అంచున ఎర్రని మిరపరాశిని కలిపి తీసెను. పరికరమును తాకకముందే సగము పని ముగిసెను. వినుట చేతనే ఆ సగము వచ్చినది.

తరువాతిది కొలత. ఫోను తీసిన చిత్రము అడ్డమునకు 4,000, నిలువునకు 3,000 పిక్సెళ్లు అనుకొనుడు. దానిని చతురస్రముగా కత్తిరింపగా 3,000కు 3,000, అనగా 90 లక్షల పిక్సెళ్లు మిగులును. అంగుళమునకు 300 చొప్పున అచ్చువేసిన 10 అంగుళముల అట్ట వచ్చును. అదే చిత్రము వాట్సాప్‌లో చేతులు మారి కుదించుకొని వచ్చినచో అచ్చులో మసకబారును. కనుక మూలచిత్రమును భద్రపరచి, దాని ప్రతిపైననే పని చేయవలెను.

పిమ్మట అక్షరములు. ఆమె మిరప రంగుకు సరిపడునని పాట పేరును ఎర్రగా వ్రాసెను. రంగులు తీసివేసి నలుపు తెలుపులలో చూచినపుడు, ఆ ఎర్రని అక్షరములు నల్లరేగడి నేలలో కలిసిపోయినవి. రంగు వేరైనను వెలుగు దాదాపు సమానమగుటయే దీనికి కారణము. ఆమె వానిని సున్నపు తెలుపునకు మార్చెను. పేరు స్పష్టముగా కనబడెను. తెలుగు లిపికి మరియొక చిక్కు కలదు. పైన గుణింతములు, క్రింద ఒత్తులు ఉండుటచే, రెండు పంక్తులను ఇంగ్లీషు అక్షరములవలె దగ్గరగా పెట్టినచో పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి తలకట్టును తాకును. పంక్తుల నడుమ చోటు విడువవలెను. చోటు చాలలేదని అక్షరములను అడ్డముగా సాగదీయరాదు, నిలువుగా నొక్కరాదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ మున్నగు పేర్లు గల తెలుగు అక్షరరూపములు నేడు ఉచితముగా లభించుచున్నవి. పాట స్వభావమునకు తగినదానిని వానినుండి ఎన్నుకొనవచ్చును. కడపట చిత్రమును బొటనవ్రేలి గోరంత చేసి చూడవలెను. నేడు పాటలను ఫోనులో వినువారికి ముఖచిత్రము మొదట అంతయే కనబడును. అంత చిన్నదైనను పేరు చదువగలిగినచో పని నెరవేరినట్లు.

ఈ మార్గమును గూర్చి కొందరు పెద్దలు ఆక్షేపణలు చెప్పుదురు. పరీక్షలలో రాని పని యేల యని మొదటిది. పైన చెప్పిన పనిలో గణితము కలదు. వెలుగును గూర్చిన భౌతికశాస్త్రము కలదు. పాట అర్థమును విచారించు సాహిత్యము కలదు. వేర్వేరు పుస్తకములలో చదివినదానిని ఒక్కచోట వాడు అవకాశమును ఆట యని త్రోసివేయుట తగదు.

ఖర్చు రెండవ ఆక్షేపణ. 1995లో ఇద్దరు అమెరికా విద్యార్థులు ప్రారంభించిన గింప్ అను ఉపకరణమును నేటికిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. కంప్యూటరు దొరకనినాడు 12 సెంటీమీటర్ల చతురస్రముగా కాగితమును కత్తిరించి, రంగు కాగితముల ముక్కలను పేర్చి చూడవచ్చును. ఆ కొలత ఒక సీడీ పలక అడ్డుకొలతకు సమానము. కాగితముపై కుదరని అమరిక కంప్యూటరుపైన కూడ కుదరదు.

మూడవది నేటి కాలపు ఆక్షేపణ. మాట చెప్పినంతనే బొమ్మ గీయు కృత్రిమమేధ వచ్చినది గదా, ఇక నేర్చుట యేల యందురు. ఆ యంత్రమును మిరపచేను, ముసలమ్మ అని యడిగిన, ఏదో యొక చేనును, ఎవరో యొక ముసలమ్మను గీయును. ఈ చేనును, ఈ నాయనమ్మను అది ఎరుగదు. అది పది బొమ్మలు గీసి యిచ్చినను, వానిలో ఏది పాటకు తగినదో, ఏది తగనిదో చెప్పవలసినవారు మనమే. ఆ వివేచన పని చేసినవానికే కలుగును.

నాల్గవ మాట ఎవరును అడుగనిది, నేనే అడుగుచున్నాను. చిత్రమును మార్చు శక్తి చేతికి వచ్చినపుడు దేనిని మార్చరాదో నేర్పువారెవరు? చర్మపు ముడుతలను తొలగించి, మేనిచాయను తెల్లబరచు సాధనము ప్రతి ఫోనులోను కలదు. ఆ బాలిక నాయనమ్మ ముఖమును ముఖచిత్రముపై నుంచినచో, ఒక్క మీటుతో నలువదేండ్ల ఎండను తుడిచివేయవచ్చును. కాని ఆ పాట ఆ ఎండలో పుట్టినది. ముఖమును మార్చినచో పాట అబద్ధమగును. చీకటిగా వచ్చిన చిత్రమును వెలుగు చేయుట దిద్దుబాటు. మనిషిని మరియొక మనిషిగా చేయుట మోసము. ఈ రెండింటి భేదము నేర్పని చిత్రవిద్య అసంపూర్ణము. అట్లే, ఇతరులు తీసిన చిత్రమును అడుగక వాడుట కూడ తగదు. మన కాపీరైటు చట్టము ప్రకారము ఛాయాచిత్రముపై హక్కు, దానిని తీసినవారి జీవితకాలమంతయు, వారు మరణించిన పిమ్మట 60 సంవత్సరములు నిలుచును. చట్టముకంటె ముందు మర్యాద కలదు. నీవు తీసిన బొమ్మను పరులు తమదని చెప్పుకొనిన నీకెట్లుండునో తలచుకొనుము.

పల్నాడు పాటల సీమ. పల్నాటి వీరుల కథను వీరవిద్యావంతులు తరతరములుగా నోట నిలిపిరి. ఒక గాయకుడు పాడిన ఆ కథను ఆధారము చేసికొని జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు 1982లో ఆంగ్లమున గ్రంథమును ప్రకటించెను. దూరదేశమువాడు వచ్చి విని, గ్రంథము వ్రాయగా, ఊరిలోని పాటను ఊరి పిల్లలు వినకుండుట న్యాయము కాదు. నాట్లపాటలు, కోతపాటలు, లాలిపాటలు నేడు కొన్ని ఫోనులలో చిక్కియున్నవి. వానికి పేరు లేదు, బొమ్మ లేదు, పాడినవారి గుర్తు లేదు. ఫోను చెడినంతనే అవియు పోవును. ముఖచిత్రము పెట్టి, పేరు వ్రాసి, తేదీ వేసి దాచిన పాటను మాత్రము మరియొకరు వెదకి పట్టుకొనగలరు.

ఆ బాలిక పూర్తిచేసిన చిత్రమును నాయనమ్మకు చూపిన విధమును కూడ ఊహింతము. ముసలమ్మ కండ్లు చిట్లించి చూచి, “నీడ బాగానే పడింది. మరి ఇందులో నా పేరేదే, తల్లీ?” అని యడుగును. అందమైన అమరికలో ఆ పేరునకు చోటు మిగులలేదు. బాలిక మరల కూర్చుండి, పాట పేరును కొంత పైకి జరిపి, దాని క్రింద పాడినవారి పేరును వ్రాయును. అమరిక మునుపటికంటె కొంచెము ఇరుకగును. అయినను మొదటిదానికంటె రెండవదే మంచి ముఖచిత్రము.

విద్యార్థులారా! మీ ఇంటను ఇట్టి పాట యొకటి యుండవచ్చును. ఈ సెలవులలో దానిని వినుడు. పాడినవారి అనుమతి పొందుడు. పిమ్మట చతురస్రమును గీసికొని పని ప్రారంభింపుడు.