రంగుల ఊళ్లో మందుల చదువు

సూరత్ అనగానే తెలుగువాళ్లకు చీరలు, మరమగ్గాలు, వాటిని నమ్ముకుని తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు గుర్తొస్తారు. ఆ ఊరికి రంగుల రసాయనాలూ అంతే ముఖ్యం. బట్టకు అద్దే రియాక్టివ్ రంగుల్లో చాలావాటికి సయనూరిక్ క్లోరైడ్ పునాది. దాని మూడు క్లోరిన్లలో మొదటిది మంచు చల్లదనంలో, రెండోది గది వేడిలో, మూడోది మరిగిస్తేనే ఊడుతుంది. ఎక్కడ ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. అందుకే సూరత్ పరిశోధక విద్యార్థులకూ అది ఇష్టమైన సరుకే. అక్కడి నుంచి వచ్చే ఔషధ రసాయన పత్రాల్లో ట్రయజీన్లు తరచూ కనిపిస్తాయి.

పద్ధతి తెలిసిందే. పాతిక పదార్థాలు తయారుచేయడం, గాజుపళ్లెంలో బ్యాక్టీరియా మీద వేయడం, ఎంత మేర చచ్చిందో కొలవడం, పత్రం రాయడం. ఖర్చు తక్కువ, అచ్చు త్వరగా. థీసిస్‌కు ముందు పత్రం తప్పనిసరి అని యూజీసీ 2009లో పెట్టిన నిబంధన ఈ అలవాటుకు ఊతమిచ్చింది. ఇది సూరత్ ఒక్కదాని జబ్బేమీ కాదు.

కానీ గాజుపళ్లెం అబద్ధమూ చెబుతుంది. జర్మనీలో గెర్‌హార్ట్ డొమాక్ 1932లో పరీక్షించిన ప్రాంటోసిల్ కూడా ఒక ఎర్ర రంగే. పళ్లెంలో అది పనిచేయలేదు, ఎలుకను మాత్రం బతికించింది. శరీరం దాన్ని విడగొట్టి సల్ఫానిలమైడ్‌గా మారుస్తోందని 1935లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తేల్చింది. నేటి మన థీసిస్ పరీక్షకు పెడితే తొలి సల్ఫా మందు తప్పేది!

ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినవారికి అణువును కట్టడం వచ్చు. ఒంట్లోకి వెళ్లాక దాని గతేమిటో చెప్పే ఫార్మకాలజీ చాలామందికి పాఠంగానే ఎదురుకాదు. బీఫార్మసీవారి సంగతి తిరగేసి చూడాలి. 2007లో మొదలైన హైదరాబాద్, అహ్మదాబాద్ నైపర్ల వంటి చోట్ల ఔషధ రసాయనమే ఒక పీజీ కోర్సు. అక్కడ సీట్లు కొద్ది. మిగతావాళ్లు మామూలు కెమిస్ట్రీ శాఖల్లోనే పీహెచ్‌డీలో చేరతారు.

2022 నవంబర్‌లో యూజీసీ పత్రం నిబంధన ఎత్తేసింది. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లుండాలంది. పరిశోధన నైతికత పాఠం పోను మిగిలినవాటిలో ఏం బోధించాలో చాలావరకు విశ్వవిద్యాలయాల ఇష్టం. అందులో నాలుగు క్రెడిట్లు ఫార్మకాలజీకి కేటాయించడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.