వెనక సీట్లో వాళ్ళ ముక్కును నమ్మండి

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే ఏం చెయ్యాలో మనకెవరూ చెప్పక్కర్లేదు. స్విచ్ ముట్టుకోం, అగ్గిపుల్ల గీయం, కిటికీలు తీసేసి రెగ్యులేటర్ కట్టేస్తాం. అదే కార్లో పెట్రోలు వాసన వస్తే? నిమ్మకాయ వాసనొచ్చే అట్టముక్క ఒకటి అద్దానికి వేలాడదీస్తాం. నేనూ అదే చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

పోయిన వేసవిలో మా అత్తయ్య అమెరికా వచ్చారు. వెనక సీట్లో మా పాప పక్కన కూర్చునేవారు. రెండో రోజే, "ఏమ్మా, కార్లో పెట్రోలు కంపు కొడుతోంది, నీకు తెలియట్లేదా?" అన్నారు. "ఇక్కడ మనమే పోసుకోవాలి కదా అత్తయ్యా, చేతులకి అంటుకునుంటుంది" అని నవ్వేశాను. మా వారైతే "అమ్మకి కారు పడదు" అని తేల్చేశారు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మూడు వారాలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆఖరికి పాప కూడా కారు దిగగానే తలనొప్పి అనడం మొదలుపెట్టాక మాకు భయమేసింది.

తీరా చూస్తే, అంతకు నెల ముందు మార్పించిన ఫ్యూయల్ పంపు దగ్గర రబ్బరు సీలు సరిగ్గా కూర్చోలేదు. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది, పంపు పైనుంచి ట్యాంకులోకి దిగి ఉంటుంది. అంటే ముసలావిడా, పసిపిల్లా సరిగ్గా దాని మీదే కూర్చున్నారు. ముందు సీట్లో ఉన్న మాకు వాసన తక్కువ. ఆ తక్కువ కూడా అలవాటైపోయింది. ముక్కు తీరే అంత, రోజూ ఉండే వాసనని పట్టించుకోవడం మానేస్తుంది. కొత్తగా ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది.

నేననేది ఒక్కటే. కార్లో వాసన గురించి చివరి మాట స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళది కాకూడదు, వెనక కూర్చున్నవాళ్ళది కావాలి.

ఇది చిన్న విషయం కాదు. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కిందకి దిగి పరుచుకుంటుంది. ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. పైగా పెట్రోల్లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం.

వాసన ఎప్పుడు వస్తోందో గమనిస్తే ఎక్కడనుంచో సగం తెలిసిపోతుంది. ట్యాంకు నింపిన రోజు ఎక్కువగా ఉండి, పెట్రోలు తగ్గేకొద్దీ తగ్గుతుంటే, ట్యాంకు పైభాగమో, పంపు సీలో, పెట్రోలు పోసే గొట్టమో చూడాలి. హీటరు గానీ ఏసీ గానీ బయటిగాలి మీద పెట్టినప్పుడు వచ్చి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కితే తగ్గుతుంటే, ఇంజను వైపు పైపులు, ఇంజెక్టర్ల రింగులు అనుమానించాలి. బయటిగాలి ముందు అద్దం కిందనుంచే లోపలికి వస్తుంది మరి.

చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగితే ముందు పెట్రోలు మూత చూడండి. క్లిక్ అనేదాకా బిగించండి, లోపలి రబ్బరు రింగు పగిలిందేమో చూడండి. మూత సరిచేసినా లైటు ఆరడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. చాలా విడిభాగాల షాపుల్లో కోడ్ ఊరికే చదివి చెప్తారు. పి0457 అంటే మూత వదులు, పి0455 అంటే పెద్ద లీకు. ఇంకో మాట, పంపు దానంతటదే ఆగాక లెక్క సరిపోవాలని ఇంకొంచెం నొక్కకండి. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి కార్లో ఉంటుంది, అందులోకి పెట్రోలే వెళ్తే అది పాడవుతుంది. గడ్డి కోసే మెషీన్ కోసం తెచ్చిన పెట్రోలు డబ్బా డిక్కీలో మర్చిపోలేదు కదా? అదీ చూసుకోండి.

కారు కింద తడి కనిపించినా, వాసన గుప్పుమన్నా స్టార్ట్ చెయ్యకండి. పిల్లల్ని దింపి దూరంగా నిలబడి టో ట్రక్కుని పిలవండి. గరాజ్‌లో అయితే తలుపు చేత్తో ఎత్తండి, బటన్ నొక్కొద్దు. మంటో పొగో కనిపిస్తే 911.

మెకానిక్ "నాకేం వాసన రావట్లేదే" అంటే వెనక్కి వచ్చేయకండి. మాకూ మొదటిసారి అదే జవాబు వచ్చింది, ఆ రోజు ట్యాంకులో పావు వంతే ఉంది. రెండోసారి ముందురోజు సాయంత్రం ట్యాంకు నింపి, రాత్రంతా వాళ్ళ షాపు దగ్గరే అద్దాలు మూసి ఉంచాం. పొద్దున తలుపు తీయగానే అతనే వెనక సీటు ఎత్తాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి వాసన వస్తోందో రిపేర్ కాగితం మీద రాయించండి. ఆవిరి లీకు దొరక్కపోతే స్మోక్ టెస్ట్ అడగండి, పొగ పంపితే చిల్లు ఎక్కడుందో బయటపడుతుంది. ముందు అద్దం మూల కనిపించే 17 అక్షరాల విన్ నంబరుని ఎన్‌హెచ్‌టిఎస్ఏ సైట్లో కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. కారు మరీ పాతది కాకపోతే ఆ రిపేరుకి డబ్బు తీసుకోరు.

ఇండియా నుంచి చదువుతున్న అమ్మలకీ అత్తయ్యలకీ ఒక మనవి. ఇక్కడికి వచ్చినప్పుడు "వాళ్ళ దేశం, వాళ్ళ కారు, నాకెందుకు" అని ఊరుకోకండి. ఒకసారి చెప్తే మేం వినకపోవచ్చు. రెండోసారీ చెప్పండి, మూడోసారీ చెప్పండి.

మా అత్తయ్య చెప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారే నేను విని ఉండాల్సింది.